మాదిరి రికార్డు

మా కాలేజీ ల్యాబులో ఆరు మైక్రోస్కోపులున్నాయి. ఏడాదిలో పదకొండు నెలలు వాటి మీద గుడ్డలు కప్పి ఉంటాయి. ప్రాక్టికల్ పరీక్షలకి బయటి నుంచి ఎగ్జామినర్ వస్తున్నారనగా అటెండరు ఆ గుడ్డలు తీసి, దులిపి, అద్దాలు తుడిచి బల్ల మీద వరసగా నిలబెడతాడు. పరీక్ష అయిన సాయంత్రమే మళ్ళీ కప్పేస్తాడు.

నేను ఆ కాలేజీలో జువాలజీ లెక్చరర్ని. పంతొమ్మిదేళ్ళుగా అక్కడే ఉన్నాను. పిల్లల్ని డాక్టర్లని చేస్తామని బోర్డులు పెట్టుకున్న జూనియర్ కాలేజీలు విజయవాడలో వీధికి రెండుంటాయి, అందులో మాదీ ఒకటి. పొద్దున ఆరింటికి స్టడీ అవర్, తర్వాత క్లాసులు, సాయంత్రం స్లిప్ టెస్టు, వారం చివర మరో టెస్టు, ఆ టెస్టులో తప్పులకి ఇంకో టెస్టు. వీటి మధ్య ఒక చుక్క రక్తాన్ని గాజుపలక మీద వేసి పిల్లలకి చూపించే తీరిక ఎవరికీ ఉండదు. తీరిక లేదని మేం ఎప్పుడూ బాధపడలేదు కూడా. ప్రయోగాలకి మార్కులు ముప్పైకి ముప్పై ఎలాగూ పడతాయి.

జనవరి నెలాఖరులో మాకు 'రికార్డు వారం' అని ఒకటుంటుంది. పై అంతస్తు హాల్లో పిల్లలందర్నీ కింద కూర్చోబెడతాం. అంతకుముందు ఏడాది పిల్లల్లో ఎవరి చేతిరాత బాగుందో, ఎవరి బొమ్మలు శుభ్రంగా ఉన్నాయో చూసి వాళ్ళ రికార్డు ఒకటి దాచి ఉంచుతాం. దాన్ని మాదిరి రికార్డు అంటాం. దాని కుట్లు విప్పి, కాగితం కాగితం విడదీసి, వరసకొకటి ఇస్తాం. ఉద్దేశం, పరికరాలు, విధానం, పరిశీలన, ఫలితం అన్నీ చూసి రాసుకుంటారు. లాలాజలం పిండిపదార్థాన్ని ఎన్ని నిమిషాల్లో అరిగించిందో కూడా చూసే రాసుకుంటారు. నాలుగు రోజుల్లో ఏడాది ప్రయోగాలన్నీ అయిపోతాయి. అయిదో రోజున నేను ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటాను. ప్రతి పేజీకీ సంతకం, సంతకం కింద తేదీ. జూలై నుంచి వారానికొక ప్రయోగం చేసినట్టు తేదీలు పడాలి కాబట్టి పక్కన కాలెండర్ పెట్టుకుంటాను. ఆదివారాలూ పండగలూ రాకుండా చూసుకోవడం దగ్గరే నా శాస్త్రజ్ఞానం అంతా ఖర్చయ్యేది.

అందులో రక్తం గ్రూపు ప్రయోగం ఒకటుంది. ఎప్పుడో ఎవరో ఒక పిల్ల నిజంగానే వేలు గుచ్చుకుని చూసుకుని ఉంటుంది. ఆ పిల్లది బి పాజిటివ్. అప్పట్నించీ మా కాలేజీలో చదివిన ప్రతివాళ్ళూ బి పాజిటివే. ఇది నాకు తెలియక కాదు. స్టాఫ్ రూములో మేం నవ్వుకునేవాళ్ళం. మన పిల్లలంతా ఒకే రక్తం అనేది కెమిస్ట్రీ మేడం.

మా అమ్మాయి ఆ కాలేజీలోనే చదివింది. లెక్చరర్ల పిల్లల్ని వేరేచోట చేర్పిస్తే, మీ కాలేజీ మీద మీకే నమ్మకం లేదా అని అడుగుతారు. నమ్మకం లేదని చెప్పలేం కదా. అందుకని తను నా క్లాసులోనే రెండో బెంచీలో కూర్చునేది. అందరితోపాటు నన్ను మేడం అనేది. ఇంటికొచ్చాక, "ఇవాళ ఆ బోర్డు మీద గుండె బొమ్మేంటమ్మా, వంకాయలా ఉంది?" అని ఏడిపించేది. దాని చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. దాని రికార్డే తర్వాతి ఏడాదికి మాదిరి రికార్డయింది. అప్పుడు నేను స్టాఫ్ రూములో స్వీట్లు కూడా పంచాను.

దానికి డాక్టరు చదువు మీద మనసు లేదు. దానికి కావలసింది బయో ఇంజనీరింగ్. ఆ మాట దాని చెవిన పడింది వాళ్ళ తాతయ్య వల్ల.

మా మామగారు నేతపని చేసిన మనిషి. కంకిపాడు దాటి బందరు దారిలో వెళ్తే లోపలికి వాళ్ళ ఊరు. నలభై ఏళ్ళు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని చీరలు నేశారు. మా వారు నేత వదిలేసి బట్టల వ్యాపారంలోకి వచ్చేశారు. అమ్మాయి పదో తరగతిలో ఉండగా మామగారికి కడుపులో పెద్ద రక్తనాళం ఉబ్బిందని, ఆ ముక్క తీసేసి గొట్టం వెయ్యాలని విజయవాడలో డాక్టరు చెప్పాడు. గొట్టం అంటే ఏ ప్లాస్టిక్కో అనుకున్నాం. డాక్టరు డ్రాయరులోంచి ఒక నమూనా తీసి బల్ల మీద పెట్టాడు. తెల్లటి బట్ట. గుండ్రంగా, ఎక్కడా కుట్టు లేకుండా నేసి ఉంది. మామగారు దాన్ని వేళ్ళ మధ్య నలిపి, కిటికీ వెలుతురుకి పెట్టి, ఒక కన్ను మూసి చూశారు.

"పడుగు బానే ఉందండీ. పేక ఇంకాస్త బిగించి కొట్టాల్సింది" అన్నారు.

డాక్టరు గట్టిగా నవ్వేశాడు. మరీ బిగిస్తే ఒంట్లో కండ దానికి అతుక్కోదని, అందుకే అలా వదులుగా నేస్తారని చెప్పాడు. మామగారు బుద్ధిగా తలూపారు. మా అమ్మాయి మాత్రం, "ఇది నేసేది ఎవరు డాక్టర్?" అని అడిగింది. "బయో ఇంజనీర్లమ్మా" అన్నాడాయన.

ఆపరేషనయి ఇంటికొచ్చాక మామగారు పొట్ట మీద చెయ్యేసుకుని మా అమ్మాయితో అనేవారు: "మన పనేనే తల్లీ ఇది. పైన కట్టే బట్ట నేను నేశాను, లోపల పెట్టే బట్ట నువ్వు నెయ్యి." ఆ రోజు నుంచి దానికి ఇంకో చదువు కనపడలేదు. ఇక్కడ ఆ పేరుతో ఉన్న కోర్సుల్లో ఇలాంటి బట్ట నేర్పేది ఒక్కటీ దానికి దొరకలేదు. వెతికి వెతికి యూరప్‌లో ఒక చిన్న దేశంలో పట్టుకుంది. బట్టతో, దారంతో ఒంట్లో పెట్టే అవయవాలు చేయడం ప్రత్యేకంగా నేర్పే డిగ్రీ అది. పాఠాలు చెప్పేది ఇంగ్లీషులోనే.

ఆ దేశపు పిల్లలు అందులో చేరాలంటే నిబంధన ఒక్క వాక్యం. స్కూలు పాసైన సర్టిఫికెట్టు ఉంటే చాలు. బయటి దేశాల పిల్లలకి ఒకటిన్నర పేజీ. సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. బయాలజీతో పాటు లెక్కలు కూడా చదివి ఉండాలి. మన దగ్గర ఇంటర్లో చేరేనాడే పిల్లల్ని రెండుగా చీల్చేస్తాం కదా, లెక్కలు వాళ్ళకి, ప్రాణులు వీళ్ళకి. బైపీసీలో చేర్చిన నాడు ఆ సంగతి నాకు తోచనేలేదు. అందుకని అమ్మాయి ఇంటరయ్యాక ఒక ఏడాది ఇంట్లో కూర్చుని లెక్కలు చదివింది. స్నేహితులంతా కాలేజీల్లో చేరి ఫొటోలు పెట్టుకుంటూంటే ఇది డాబా మీద కాలిక్యులస్ చేసుకుంది. పరీక్ష రాసింది, మంచి మార్కులతో పాసైంది. బంధువుల్లో ఎవరో, "పాపం నీట్ పోయిందటగా" అన్నారు. పోవడానికి అది ఆ పరీక్షే రాయలేదు.

ఇక ఆ ఒకటిన్నర పేజీలో చివరి నిబంధన. కొన్ని దేశాల పేర్లు రాసి, అక్కడ చదివిన పిల్లలు స్కూల్లో తమ చేతులతో చేసిన ప్రయోగాల జాబితా ఇవ్వాలని, ఒక్కోదానికి ఎన్ని గంటలు పట్టిందో పాఠం చెప్పిన ఉపాధ్యాయులు ధ్రువీకరించాలని, రికార్డు పేజీలు కూడా జతచేయాలని ఉంది. తర్వాత ఇంటర్వ్యూలో దాని మీద ప్రశ్నలు అడుగుతారట. ఆ జాబితాలో మన దేశం పేరుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా పిల్లలంటే వీళ్ళకింత చులకనా, వాళ్ళ పిల్లల మాట నమ్ముతారు, మా పిల్లల మాటకి సాక్షి కావాలా అని ఇంట్లో అందరి మీదా అరిచాను. ఆ కోపం ఇప్పటికీ ఉంది. పాస్‌పోర్టు రంగు చూసి పిల్లల్ని వేరే వరసలో నిలబెట్టడం అన్యాయం కాదని ఎవరన్నా నేనొప్పుకోను. కాకపోతే ఆ పూట వాళ్ళు అనుమానించింది నిజమేనన్న సంగతి నా అరుపుల్లో కొట్టుకుపోయింది.

బెంజి సర్కిల్ దగ్గర విదేశీ చదువుల కన్సల్టెన్సీ ఒకటుంటే అక్కడికి వెళ్ళాం. అక్కడ కుర్చీలో ఉన్న అబ్బాయి కంప్యూటర్లోంచి తల కూడా ఎత్తలేదు.

"ల్యాబ్ అవర్స్ ఎన్ని వెయ్యమంటారు మేడం? అందరూ నూట ఇరవై వేస్తున్నారండీ" అన్నాడు.

"అంత వేస్తే నమ్ముతారా?"

"తక్కువేస్తేనే నమ్మరండీ. ఫార్మాట్ నేనిస్తాను, మీ కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రింటు తీయించండి చాలు."

ప్రిన్సిపాల్ గారిని అడిగితే లెటర్‌హెడ్ కాగితాలు రెండు ఇచ్చారు. ఒకటి చెడిపోతే ఉంటుందని రెండోది. "సబ్జెక్టు లెక్చరరు మీరేగా మేడం గారూ, సంతకం మీరే పెట్టేయండి. మన పిల్ల విదేశం వెళ్తే ఫ్లెక్సీలో వేద్దాం" అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మాయి, నూట ఇరవై గంటలు వేసి నేను ప్రింటు తీయించిన కాగితం చదివింది. మొత్తం చదివి పళ్ళెం పక్కన పెట్టింది.

"అమ్మా, ఇవేమీ నేను చెయ్యలేదుగా."

"నువ్వొక్కదానివేనా చెయ్యనిది? విధానం నిద్రలో లేపి అడిగినా చెప్తావు. చాల్లే."

"అది కాదమ్మా. దరఖాస్తుకి ఇంకా మూడు వారాలుంది. ఒక వారం ల్యాబు తాళం ఇప్పించు. అన్నీ చేసేస్తాను. అప్పుడు నువ్వు సంతకం పెట్టేది నిజమే అవుతుంది."

ఆ మాట అది అడిగింది. నేను విన్నాను. ఇదంతా రాస్తున్నది ముఖ్యంగా ఈ ఒక్క సంగతి దాచుకోలేకే.

చూద్దాంలే అన్నాను. మర్నాడు స్టాఫ్ మీటింగు. తర్వాత గ్రాండ్ టెస్టు పేపర్లు దిద్దాలి. ల్యాబు తాళం అడిగితే ప్రిన్సిపాల్ గారు ఎందుకంటారు, ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడు మీ అమ్మాయికే ఎందుకు మేడం అంటారు. రసాయనాలు డేటు అయిపోయి ఉంటాయి, కొత్తవి కావాలంటే ఇండెంటు పెట్టాలి. ఇలా ఒక్కో రోజూ ఒక్కో సాకు దొరికింది. అది రెండుసార్లు గుర్తుచేసింది. మూడోసారి అడగలేదు. గడువు ముందు రోజు నేను కాగితం మీద ఎర్ర పెన్నుతోనే సంతకం పెట్టబోతే, మా వారు నీలం పెన్ను అందించారు.

ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఇంటర్వ్యూ దాకా రావడమే గొప్ప అని కన్సల్టెన్సీ అబ్బాయి ఫోన్ చేసి మరీ చెప్పాడు. మధ్యాహ్నం రెండింటికి. మా ఇల్లు గుణదలలో, రెండో అంతస్తు. రైళ్ళ చప్పుడు వినపడకుండా కిటికీలన్నీ మూసేశాం. మా వారు కొట్టు మూసేసి వచ్చి, కరెంటు పోతే అన్నట్టు ఇన్వర్టర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. నేను గది తలుపు ఓరగా తీసి గోడకి ఆనుకుని నిలబడ్డాను. అక్కడి నుంచి తెర సగం కనపడుతుంది. ముగ్గురున్నారు. ఇద్దరు మగవాళ్ళు, మధ్యలో తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక పెద్దావిడ.

ఈ చదువే ఎందుకని అడిగారు. అమ్మాయి వాళ్ళ తాతయ్య సంగతి చెప్పింది. పేక ఇంకాస్త బిగించి కొట్టాల్సిందన్న మాట ఇంగ్లీషులో చెబితే ఆవిడ పకపకా నవ్వింది. ఆ వదులు ఎందుకుండాలో అడిగితే అమ్మాయి చక్కగా చెప్పింది. ఒకాయన ఏదో రాసుకుంటూ తల ఊపుతున్నాడు. నేను మా వారి వైపు తిరిగి అంతా బాగుందన్నట్టు చెయ్యి చూపించాను. ఆయన అక్కణ్ణుంచే దణ్ణం పెట్టారు.

అప్పుడావిడ రికార్డు పేజీలు తీసింది. ఇంత అందమైన రికార్డు ఈ మధ్య చూడలేదంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. పేజీలు తిప్పుతూ రక్తం గ్రూపు దగ్గర ఆగింది.

నీది బి అని వచ్చింది కదా, ఆ ఫలితం సరైనదేనని ఎలా నిర్ధారించుకుంటావు అని అడిగింది.

నేను క్లాసులో చెప్పిన పాఠమే అది. అమ్మాయి తడుముకోకుండా చెప్పింది. రెండోసారి చేసి చూడాలి, లేదా తల్లిదండ్రుల గ్రూపులతో సరిపోతుందో లేదో చూడాలి అంది.

సరిపోయిందా మరి, వాళ్ళవేమిటి అని అడిగిందావిడ నవ్వుతూ.

"అమ్మది ఓ, నాన్నది ఓ" అనేసింది అమ్మాయి.

తల్లీ తండ్రీ ఇద్దరూ ఓ అయితే పిల్లలకి బి రాదు. ఏటా సెప్టెంబరులో బోర్డు మీద గళ్ళు గీసి నేను చెప్పే పాఠం ఇది. దీని మీద రెండు మార్కుల ప్రశ్న వస్తుందని అండర్‌లైన్ చేయిస్తాను. ఆ రికార్డు పేజీ కింద నా సంతకం ఉంది. బి అన్న అక్షరం చూసి, మా ఇద్దరి గ్రూపులూ తెలిసి, తేదీ ఆదివారం కాదు కదా అని మాత్రం చూసుకుని పెట్టిన సంతకం.

మగవాళ్ళిద్దరూ కాగితాల వైపు చూస్తున్నారు. ఆవిడ చూపు ఒక్క క్షణం కిందికి దిగింది. తర్వాత తలెత్తి, ఎంతో మర్యాదగా, అరుదుగా ఇలాంటివి జరుగుతుంటాయి, పైకి ఓ లాగా కనపడే గ్రూపు ఒకటుంది, నీకు తెలిసే ఉంటుంది అంది. బాంబే గ్రూపు. అదీ నేను చెప్పిన పాఠంలోదే. ఆవిడ దాన్ని మా అమ్మాయి చేతికి అందిస్తోంది. అందుకుంటే సరిపోయేది. లోపల నేను అందుకో, అందుకో అనుకుంటున్నాను.

అమ్మాయి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ఈ ప్రయోగం నేను చెయ్యలేదు అంది. మా సీనియర్ రికార్డు చూసి రాశాను, ఇందులో ఉన్నవన్నీ అలా రాసినవే, మా ల్యాబులో ఒక్క ప్రయోగం కూడా చెయ్యలేదు అని చెప్పింది. ఇంగ్లీషు తప్పుల్లేకుండా చెప్పింది.

నిజం చెప్పినందుకు కృతజ్ఞతలు అన్నారు వాళ్ళు. ఇంకో రెండు నిమిషాలు ఏవో మాట్లాడి తెర మూసేశారు.

బయటికొచ్చి అమ్మాయి మంచినీళ్ళు తాగింది. నేనేమన్నానో రాయడానికి సిగ్గేస్తోంది, అయినా రాస్తాను. "ఆవిడ నోటికి అందించిందే, అవునంటే నీ సొమ్మేం పోయేది?" అన్నాను.

"అవునంటే అది ఇంకో అబద్ధం కదమ్మా."

"ఒకటి చెప్పినప్పుడు రెండోదానికి ఏమొచ్చింది?"

అది గ్లాసు బల్ల మీద పెట్టి నా వంక చూసింది. "నీ గురించి ఏమనుకుందో తెలుసా ఆవిడ? ఒక్క క్షణమే. కళ్ళు దించేసుకుంది. నా కళ్ళలోకి చూడలేకపోయింది. మా అమ్మ అలాంటిది కాదు, ఈ రికార్డే అబద్ధం అని చెప్పాలనిపించింది. చెప్పేశాను" అంది.

మా వారు ఇన్వర్టర్ పక్కనే స్టూలు మీద ఇంకా కూర్చుని ఉన్నారు. ఆయనకి విషయం సగం అర్థమై సగం కాలేదు. "కరెంటు పోలేదుగా, మంచిదే" అన్నారు.

తొమ్మిది రోజుల తర్వాత ఉత్తరం వచ్చింది. ఉపాధ్యాయురాలి ధ్రువపత్రం వాస్తవానికి విరుద్ధంగా ఉన్నందున దరఖాస్తు రద్దు చేస్తున్నామని, ఈ కోర్సుకి మళ్ళీ దరఖాస్తు చేయడానికి వీల్లేదని రాశారు. చివర్లో, మీ నిజాయితీని గౌరవిస్తున్నాం అని ఒక వాక్యం. ఆ వాక్యం మీద నాకున్నంత కోపం ఇంకదేని మీదా లేదు. గౌరవం మాకు పంపించి సీటు వాళ్ళ దగ్గర ఉంచుకున్నారు. వాళ్ళ ఊళ్ళో ఏ పిల్లయినా స్కూల్లో ప్రయోగం ఎగ్గొట్టి పక్కపిల్ల పుస్తకం చూసి రాసి ఉండదా? దాన్ని అడిగేవాళ్ళెవరు? దానికి రికార్డు చూపించమనే నిబంధనే లేదు. దొరికేది మా పిల్లలే, ఎందుకంటే వెతికేది మా పిల్లల సంచుల్లోనే.

తప్పు అమ్మాయిది కాదు, సంతకం పెట్టింది నేను, శిక్ష ఏదైనా నాకు వేయండి అని నేనే ఒక మెయిల్ రాశాను. మీరు రాసినది చదివాం, నిర్ణయంలో మార్పు లేదు అని రెండు ముక్కల్లో జవాబు వచ్చింది. నాకు వేయడానికి వాళ్ళ దగ్గర శిక్ష ఏమీ లేదు. నేను వాళ్ళ విద్యార్థిని కాను. ఇక్కడ ప్రిన్సిపాల్ గారు మాత్రం, "పిల్ల కాస్త తొందరపడింది మేడం గారూ. ఇంటర్వ్యూ స్కిల్స్ మనం ముందే ట్రైనింగ్ ఇవ్వాల్సింది" అన్నారు.

అమ్మాయి ఊళ్ళోనే ఒక డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీలో చేరింది. బస్సులో వెళ్ళి బస్సులో వస్తుంది. ఏడవలేదు, అరవలేదు, తలుపులేసుకోలేదు. ఏడిస్తే బాగుండునని ఎన్నిసార్లో అనుకున్నాను. నా వంకాయ గుండె బొమ్మ ఊసెత్తడం మాత్రం మానేసింది. మామగారికి మేం ఏదీ సరిగ్గా చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా, "లోపలి బట్ట నేసే చదువు ఎందాకా వచ్చిందే తల్లీ?" అని అడుగుతారు. "ఇంకా పడుగు పోస్తున్నాను తాతయ్యా, మగ్గం ఎక్కించలేదు" అంటుంది.

ఆ జనవరిలో నేను మందుల దుకాణంలో రక్తం గ్రూపు చూసే మూడు చిన్న సీసాలు, సూదుల పెట్టె కొన్నాను. నా సెక్షనుకి ఒక గంట ల్యాబు ఇమ్మని అడిగాను. "సరే గానీ గంటలో ముగించెయ్యండి, వెనకే కెమిస్ట్రీ టెస్టుంది" అన్నారు ప్రిన్సిపాల్ గారు. పిల్లలు ల్యాబులోకి చెప్పులిప్పి వచ్చారు, గుడిలోకి వచ్చినట్టు. ఎవరూ ఇప్పమనలేదు. సూది చూసి భయపడ్డవాళ్ళే, గాజుపలక మీద రక్తం నలుసులు నలుసులుగా విడిపోతుంటే నోళ్ళు తెరిచి చూశారు. "మేడం, నాది ఏ!", "మేడం, నాకు ఎందులోనూ ముద్ద కట్టలేదు!" అని ఒకటే గోల. పంతొమ్మిదేళ్ళలో నా క్లాసులో అంత గోల ఎప్పుడూ లేదు. బయటికి వెళ్తూ ఇద్దరు పిల్లలు మైక్రోస్కోపుల గుడ్డ ఎత్తి లోపలికి తొంగిచూశారు.

వారం తిరక్కుండా రికార్డు వారం వచ్చింది. అయిదో రోజు ఎర్ర పెన్నుతో కూర్చున్నాను. మొదటి రికార్డులో బి పాజిటివ్. రెండో దాంట్లో బి పాజిటివ్. గబగబా మిగతావి తిరగేశాను. అన్నీ బి. మొదటి బెంచీ పిల్లని పిలిచాను.

"నీది ఏ గ్రూపమ్మా?"

"ఏ పాజిటివ్ మేడం. మీరే చూశారుగా."

"మరి ఇలా రాశావేం?"

"మాదిరి రికార్డులో బి ఉంది కదా మేడం. మార్చి రాస్తే ఎగ్జామినర్ గారు మార్కులు తీసేస్తారేమోనని" అంది. నేను కోప్పడతానేమోనని దాని మొహం చిన్నబోయింది. దాని చేతిలో ఉన్న మాదిరి కాగితం మా అమ్మాయి రాసినదే. అంతకంటే మంచిది దొరక్క రెండో ఏడు కూడా దాన్నే వాడుతున్నాం. కుట్లు విప్పి, మూలలు నలిగి, చేతులు మారి మారి మాసిపోయి ఉంది.

కొట్టేసి నిజం రాయించానని చెప్పాలని ఉంది. చెప్పలేను. పరీక్షలు నాలుగు రోజుల్లో ఉన్నాయి, మళ్ళీ రాయించే టైమ్ లేదు. కాలెండర్ పక్కన పెట్టుకుని, ఆదివారాలు తప్పించి, అన్నిటికీ సంతకాలు పెట్టాను.

మిగిలిన సీసాలు ఇంటికి తెచ్చి ఫ్రిజ్ తలుపులో పెట్టి మర్చిపోయాను. ఆ ఆదివారం పొద్దున పాల ప్యాకెట్టు కోసం ఫ్రిజ్ తీసిన అమ్మాయి వాటిని చూసింది. ఏమిటని అడగలేదు. దానికి తెలుసు. మూడూ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టి, చెయ్యి చాపింది.

"నాక్కూడా చెయ్యి" అంది.

"నువ్వే చేసుకో" అన్నాను. ఎందుకలా అన్నానో తెలీదు.

చేతులు సబ్బుతో కడుక్కుంది. గాజుపలక లేకపోతే తెల్ల పింగాణీ సాసరు తెచ్చుకుంది. ఉంగరం వేలు తుడిచి, సూది గుచ్చుకుని, మూడుచోట్ల మూడు చుక్కలు పెట్టింది. నీలం మందు, పసుపు మందు, రంగులేని మందు వరసగా ఒక్కో చుక్క వేసింది. మూడు అగ్గిపుల్లలు తీసుకుని, ఒక చుక్క కలిపిన పుల్ల ఇంకో చుక్కకి తగలకుండా విడివిడిగా కలిపింది. విధానం పుస్తకంలో ఉన్నట్టు ఒక్క పొల్లు తప్పలేదు. సాసరు అటూ ఇటూ నెమ్మదిగా వంచుతూ చూసింది. నీలంలో ఏమీ లేదు. పసుపులో ఏమీ లేదు. మూడోదాంట్లో రక్తం నలుసులుగా విడిపోయింది.

ఓ పాజిటివ్.

"అయితే నేను మీ పిల్లనేనన్నమాట" అని నవ్వింది. ఇన్నాళ్ళ తర్వాత నన్ను ఏడిపించిన మొదటి మాట. నాకు నవ్వు రాలేదు.

లోపలికెళ్ళి ఒక తెల్ల కాగితం తెచ్చుకుంది. ఆ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉద్దేశం, పరికరాలు, విధానం, పరిశీలన రాసింది. పరికరాల్లో సాసరు అని కూడా రాసింది. ఫలితం దగ్గర ఓ పాజిటివ్ అని రాసి, నా బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసి, కాగితంతో పాటు నా ముందుకి జరిపింది.

"నిజంగా చేశాను. చూశావుగా. పెట్టు."

సంతకం పెట్టాను. కింద తేదీ వేశాను. ఆదివారం తేదీ. నా చేత్తో పెట్టిన అన్ని వేల సంతకాల్లో దాని ప్రయోగానికి నిజంగా పెట్టింది ఇదొక్కటే. అది కాగితం తీసుకుని ఒకసారి చూసుకుంది. ఎక్కడ పెట్టాలో తోచక కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, ఫ్రిజ్ మీద ఉన్న పాత కరెంటు బిల్లుల కింద పెట్టి కాలేజీ బట్టలు ఇస్త్రీ చేసుకోవడానికి వెళ్ళింది.